సంతకం ఎవరు పెట్టారు?

తమకు చెప్పకుండా తమ మీద ప్రయోగం చేసినందుకు 2025 ఏప్రిల్ చివర్లో జ్యూరిక్ విశ్వవిద్యాలయ పరిశోధకుల మీద రెడిట్ వెబ్‌సైట్‌లోని ఒక చర్చా వేదిక సభ్యులు భగ్గుమన్నారు. శీర్షికలన్నీ కృత్రిమ మేధ చుట్టూనే తిరిగాయి. బాట్లు, అంటే మనుషుల్లా రాసే ప్రోగ్రాములు, మనుషులను ఏమార్చాయట, మనుషులకన్నా బాగా ఒప్పించాయట. ఆ వేదికను నడిపే మోడరేటర్ల ఫిర్యాదు చదివితే మాత్రం అందులో యంత్రం గురించిన బెంగ తక్కువే. మమ్మల్ని అడగలేదు అన్నదే వాళ్ల గోడు. మనిషి మీద ప్రయోగం చేసే ముందు ఆ మనిషిని అడగాలా, అక్కర్లేదా? మనస్తత్వశాస్త్రంలో ఎప్పుడో తేలిపోయిందనుకున్న ప్రశ్న ఇది.

ముందు జరిగింది క్లుప్తంగా. రెడిట్‌లో 'చేంజ్ మై వ్యూ' అనే చర్చా వేదికకు అప్పటికి 38 లక్షల మంది సభ్యులున్నారు. ఒకరు తన అభిప్రాయం రాసి, తప్పయితే ఒప్పించండి అంటారు. ఎవరి వాదన విని మనసు మార్చుకుంటే వాళ్లకు 'డెల్టా' అనే గుర్తు ఇస్తారు. 2024 నవంబర్ నుంచి నాలుగు నెలలు జ్యూరిక్ పరిశోధకులు అక్కడ మామూలు సభ్యుల్లా ఖాతాలు తెరిచి, కృత్రిమ మేధతో రాయించిన 1,700కు పైగా వ్యాఖ్యలు పెట్టారు. ఒక ఖాతా తాను చిన్నప్పుడు అత్యాచారానికి గురైన మగవాణ్ని అంది. ఇంకొకటి ట్రామా కౌన్సెలర్‌నని చెప్పుకుంది. మరొకటి బ్లాక్ లైవ్స్ మేటర్ ఉద్యమం నచ్చని నల్లజాతీయుడి గొంతు పెట్టింది. వీటికి వందకు పైగా డెల్టాలు వచ్చాయి. ఎదుటివారి పాత రాతలను బట్టి వాళ్ల వయసు, లింగం, జాతి, ఊరు, రాజకీయ మొగ్గు ఊహించి, దానికి తగ్గట్టు వాదన అల్లే పని కూడా ఇంకో యంత్రానికే అప్పజెప్పారు. అంతా అయ్యాక మార్చిలో మోడరేటర్లకు కబురు పెట్టారు. ఏప్రిల్ 26న మోడరేటర్లు సభ్యులందరికీ చెప్పేశారు.

అన్నిటికన్నా నన్ను పట్టి ఆపింది ఒక చిన్న వాక్యం. యంత్రానికి ఇచ్చిన సూచనల్లో, ఈ అధ్యయనంలో ఉన్నవాళ్లంతా తెలిసి సమ్మతించారనీ, తమ సమాచారం ఇవ్వడానికి ఒప్పుకున్నారనీ, కాబట్టి నైతికత గురించీ గోప్యత గురించీ దిగులు పడొద్దనీ ఉంది. ఎవరూ సమ్మతించలేదు. అది రాసినవాళ్లకు తెలుసు.

ఇంత తేలిగ్గా ఆ వాక్యం ఎలా రాయగలిగారు? నల్లజాతి రోగులకు చికిత్స ఇవ్వకుండా గమనించిన టస్కెగీ అధ్యయనం నుంచీ, విద్యార్థులను ఖైదీలుగా, కాపలాదారులుగా మార్చి చూసిన స్టాన్‌ఫర్డ్ జైలు ప్రయోగం నుంచీ మొదలుపెట్టేవాళ్లు చాలామంది ఉంటారు. అవి తెలిసిన కథలే. నా లెక్కలో మలుపు 2014 జూన్‌లో ఉంది.

ఆ నెల అమెరికా జాతీయ సైన్స్ అకాడమీ వారి పత్రికలో నాలుగు పేజీలు కూడా దాటని ఒక పరిశోధన వ్యాసం వచ్చింది. ఫేస్‌బుక్ ఉద్యోగి ఆడమ్ క్రేమర్, జేమీ గిలరీ, కార్నెల్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు జెఫ్రీ హాన్‌కాక్ రాశారు. 2012 జనవరిలో ఒక వారం పాటు 6,89,003 మంది న్యూస్‌ఫీడ్‌లను వాళ్లకు చెప్పకుండా మార్చారు. కొందరికి స్నేహితుల సంతోషపు మాటలు తగ్గించారు, కొందరికి బాధ మాటలు తగ్గించారు. ఆ తర్వాత వాళ్లేం రాస్తున్నారో పదాలు లెక్కపెట్టే సాఫ్ట్‌వేర్‌తో చూశారు. సంతోషం తగ్గించినవాళ్ల రాతల్లో సంతోషపు పదాలు కాస్త తగ్గాయి. తేడా చాలా చిన్నది, ఆ సంగతి రచయితలే ఒప్పుకున్నారు.

సమ్మతి సంగతో? ఖాతా తెరిచేటప్పుడు అందరూ ఒప్పుకునే డేటా విధానమే సమ్మతి అని వ్యాసంలో రాశారు. కింద దాకా ఎవరూ చదవకుండా నొక్కేసే ఆ బటన్ అన్నమాట. తీరా చూస్తే, ఆ విధానంలోకి 'పరిశోధన' అనే మాట చేరింది 2012 మేలో. ప్రయోగం అయిపోయిన నాలుగు నెలలకు.

అసలు మలుపు ఫేస్‌బుక్ చేసిన పని కూడా కాదు. వ్యాపార సంస్థ రోజూ ఫీడ్‌ను అటూ ఇటూ మారుస్తూనే ఉంటుంది. అమెరికాలో మానవ పరిశోధనను కాపలా కాసే 'కామన్ రూల్' ప్రైవేటు కంపెనీ సొంత డబ్బుతో చేసేదానికి వర్తించదు. ఈ గడప దగ్గర నిలబడాల్సింది విశ్వవిద్యాలయ నైతిక కమిటీ. కార్నెల్ ఏమంది? ప్రయోగం నడిపింది ఫేస్‌బుక్, మా ఆచార్యుడు చూసింది ఫలితాలు మాత్రమే, కాబట్టి ఆయన మనుషుల మీద పరిశోధన చేసినట్టు కాదు, మా సమీక్ష అక్కర్లేదు అంది. అదే వ్యాసంలో రచయితల పాత్రలు చెప్పే చోట, పరిశోధనకు రూపకల్పన చేసింది ముగ్గురూ అని ఉంది. గీసినవాడికి పూచీ లేదు, కట్టినవాడికి చట్టం లేదు. మధ్యలో ఏడు లక్షల మంది.

గొడవ ముదిరాక జులైలో పత్రిక ఆ వ్యాసానికి 'ఆందోళన ప్రకటన' జత చేసింది. తెలిసి సమ్మతించడం, వద్దనుకుంటే తప్పుకునే వీలు, ఈ రెండు సూత్రాలకూ ఆ పద్ధతి పూర్తిగా సరిపోకపోవచ్చని అందులో ఉంది. కలిగించిన కలవరానికి ఈ వ్యాసం తెచ్చిన ప్రయోజనం సరితూగకపోవచ్చని క్రేమర్ కూడా రాశారు. వ్యాసాన్ని వెనక్కి తీసుకోలేదు. ఆ గడప మీదుగా వెళ్లొచ్చని అందరికీ తెలిసిపోయింది.

ఇక్కడ ఒక్కసారి స్టాన్లీ మిల్‌గ్రామ్ దగ్గరికి వెళ్లక తప్పదు. పైవాడు ఆజ్ఞాపిస్తే మామూలు మనిషి ఎదుటివాడికి కరెంటు షాక్ ఇస్తాడా అని (షాక్ ఉత్తుత్తిదే) చూసిన ఆయన ప్రయోగం అందరికీ తెలుసు, దాని వివరాలు వదిలేద్దాం. 1964లో డయానా బామ్‌రిండ్ అనే మనస్తత్వవేత్త ఆయన్ని నిలదీసింది. నమ్మి ప్రయోగశాలకు వచ్చినవాణ్ని అవమానించి పంపే హక్కు ఎక్కడిదని అడిగింది. పాల్గొన్నవాళ్లకు తాను ప్రశ్నపత్రం పంపాననీ, జవాబిచ్చినవాళ్లలో 84 శాతం మంది ఇందులో ఉన్నందుకు సంతోషమే అన్నారనీ మిల్‌గ్రామ్ చెప్పుకున్నారు. ఆ 84 శాతం ఆయన తప్పును కడిగేస్తుందని నేననుకోను. కానీ ఒక్కటి ఒప్పుకోవాలి. ఆయన దగ్గర వాళ్ల పేర్లున్నాయి, చిరునామాలున్నాయి. ఉత్తరం రాసి ఎలా ఉన్నారని అడగగలిగారు. జ్యూరిక్ వాళ్లు చెప్పింది మోడరేటర్లకు. తన గాయం గురించి రాసుకుని, ఆ ముసుగు ఖాతా ఓదార్పు చదువుకున్న సభ్యుడెవరైనా ఉంటే అతనికి సంగతి తెలిసింది నోటీసు బోర్డు చూస్తేనే.

సంతకం ఒకరిది, శరీరం ఇంకొకరిది అయ్యే సంగతి మనకు కొత్త కాదు. ఇది మనస్తత్వ పరిశోధన కాదు గానీ, సమ్మతి గురించి తెలుగులో రాస్తూ ఖమ్మం జిల్లాను దాటిపోలేను. 2009లో పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార కేన్సర్ టీకా వేశారు. చాలామంది గిరిజన పిల్లలు, హాస్టళ్లలో ఉండేవాళ్లు. 2010 ఏప్రిల్‌లో కేంద్రం దాన్ని ఆపించింది. తర్వాత విచారణలో బయటపడిన లెక్క ఇది: చూసిన 9,543 సమ్మతి పత్రాల్లో 1,948 వేలిముద్రలు, 2,763 హాస్టల్ వార్డెన్ల సంతకాలు. ఇది క్లినికల్ ట్రయల్ కాదు, టీకా ఎలా అందించాలో చూపే ప్రదర్శన ప్రాజెక్టు మాత్రమే అన్నది నిర్వాహకుల వాదన. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం ఆ వాదన ఒప్పుకోలేదు. కార్నెల్ మాట పక్కన ఈ మాట పెట్టి చూడండి. పని అదే, పేరు మారిస్తే నియమం వర్తించదు.

జ్యూరిక్ పరిశోధకుల వైపు కూడా ఒక వాదన ఉంది. ఎన్నికల్లోనో మోసాల్లోనో ఈ యంత్రాలను వాడేవాళ్లు మనల్ని అడిగి వాడరు, కాబట్టి అసలు ప్రమాదమెంతో తెలియాలంటే తెలియని మనుషుల మధ్యే చూడాలి అంటారు. ప్రతి వ్యాఖ్యనూ పెట్టే ముందు తామే చదివామంటారు. మోసం లేకుండా కొన్ని ప్రశ్నలకు జవాబు దొరకదన్నది నిజమే, నైతిక నియమావళులు కూడా అందుకు కొంత చోటు ఇస్తాయి. కానీ విశ్వవిద్యాలయం చెప్పిన ప్రకారం, 2024 ఏప్రిల్‌లోనే వాళ్ల నైతిక కమిటీ ఇది చాలా చిక్కయిన పని అని హెచ్చరించింది. పాల్గొనేవాళ్లకు వీలైనంత చెప్పమంది, వేదిక నియమాలు పాటించమంది. కృత్రిమ మేధ రాసిందైతే ఆ మాట చెప్పాలన్నది వేదిక నియమం. కమిటీ మాట సలహాయే తప్ప ఆజ్ఞ కాదు. మళ్లీ అదే ఖాళీ గడప.

మన దగ్గర భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల్లో సామాజిక, ప్రవర్తనా పరిశోధనకు విడిగా అధ్యాయమే ఉంది. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం 17వ సెక్షన్ మాత్రం నిర్దేశించిన ప్రమాణాలు పాటిస్తే పరిశోధనకు మినహాయింపు ఇస్తుంది. ఆ ప్రమాణాలుండే నిబంధనల ముసాయిదా 2025 జనవరిలో వచ్చింది. దాని మీద చర్చ వ్యాపార సంస్థల చుట్టూనే జరిగింది. ఈలోగా డిసర్టేషన్ల కాలం వస్తే వాట్సాప్ గ్రూపుల్లోకి గూగుల్ ఫారాలు వచ్చి పడుతుంటాయి. పోయిన నెల నాకొచ్చిన ఒకదానిలో కుంగుబాటు గురించి, ఆత్మహత్య ఆలోచనల గురించి ప్రశ్నలున్నాయి. పైన 'నాకు సమ్మతమే', 'సమ్మతం కాదు' అని రెండు గుండ్రాలు. రెండోది నొక్కి చూశాను. తర్వాతి పేజీ తెరుచుకుంది.

జ్యూరిక్ బృందం తమ ఫలితాలు ప్రచురించబోమని చెప్పింది. ఇకపై ఇలాంటి అధ్యయనాలకు సమీక్ష గట్టిగా ఉంటుందని, ముందే ఆయా వేదికలతో మాట్లాడతారని విశ్వవిద్యాలయం అప్పుడు చెప్పింది. 2014 వ్యాసం మాత్రం ఆ ఆందోళన ప్రకటన తగిలించుకుని ఇప్పటికీ పత్రిక సైట్‌లో ఉంది, ఇప్పటికీ ఉటంకిస్తున్నారు. ఆ వారం తమ ఫీడ్‌లో ఎవరి సంతోషం తగ్గించారో, ఎవరి బాధ దాచారో, ఆ 6,89,003 మందికి విడిగా ఎవరూ చెప్పలేదు.