అతుకు దగ్గరే తుప్పు ఎందుకు?

విశాఖలో సముద్రానికి దగ్గరగా ఉండేవాళ్లకు ఈ చిరాకు తెలిసిందే. స్టెయిన్‌లెస్ స్టీల్ అని డబ్బు పోసి పెట్టించుకున్న రెయిలింగ్‌కి కొన్నాళ్లకే వెల్డింగ్ పక్కన గోధుమరంగు మరకలు వస్తాయి. నాసిరకం గ్రేడు కావచ్చు, ఉప్పుగాలి కావచ్చు. వెల్డింగ్ వేడి వల్ల వచ్చే చిక్కు ఇంకొకటి ఉంది. అది చాలా పాతది.

1912-13లో జర్మనీలో క్రుప్ కంపెనీ, ఇంగ్లండ్‌లో హ్యారీ బ్రియర్లీ ఈ ఉక్కుకు రూపమిచ్చారు. తుప్పును ఆపేది అందులోని క్రోమియమే. ఎక్కువగా వాడే 304 రకంలో అది సుమారు 18 శాతం ఉంటుంది. అయితే ఆర్క్‌తో, అంటే కరెంటు మెరుపుతో, కరిగించి అతికినప్పుడు, అతుకుకు అటూ ఇటూ కొంత మేర 450 నుంచి 850 డిగ్రీల వేడిలో కాసేపు ఉండిపోతుంది. అప్పుడు ఉక్కులోని కార్బన్ క్రోమియాన్ని లాక్కుని, లోహంలోని సన్నటి స్ఫటికాల (గ్రెయిన్ల) అంచుల్లో కార్బైడు అనే సమ్మేళనంగా చేరుతుంది. ఆ అంచుల వెంట క్రోమియం పలచబడి, తుప్పు అక్కడి నుంచే లోపలికి దిగుతుంది. కార్బన్ 0.03 శాతానికి మించని 304ఎల్, టైటానియం కలిపిన 321 ఈ బాధ తప్పించడానికి వచ్చినవే.

అసలు కరిగించకుండానే అతికితే? అరణి మథించి నిప్పు పుట్టించినట్టే ఇదీ. గిర్రున తిరిగే కడ్డీని కదలని కడ్డీకి అదిమితే రాపిడికే కొసలు మెత్తబడతాయి. తిప్పడం ఆపి గట్టిగా నొక్కితే అతుక్కుపోతాయి. దీన్నే ఫ్రిక్షన్ వెల్డింగ్ అంటారు. 1891లోనే అమెరికాలో బెవింగ్టన్ దీనికి పేటెంటు తీసుకున్నా, పనిలోకి తెచ్చింది 1950ల్లో సోవియట్ యూనియన్‌లో చుడికోవ్.

304 కరగాలంటే 1400 డిగ్రీలు కావాలి. రాపిడి వేడి అంత దాకా పోదు. అతుకు గీత దగ్గర పాత గ్రెయిన్లు నలిగి, సన్నటివి కొత్తగా పుడతాయి. గ్రెయిన్ సన్నబడితే బలం పెరుగుతుందని 1950ల మొదట్లో హాల్, పెచ్ అనే శాస్త్రవేత్తలు తేల్చారు. వేడెక్కే మేర ఇరుకు, చల్లబడటం త్వరగా. కార్బైడు ఏర్పడటానికి వ్యవధి చాలదు.

ఒక మెలిక ఉంది. తిరిగే కడ్డీ నడిబొడ్డున వేగం సున్నా! రాపిడి సమయం తక్కువైతే మధ్యలో అతకదు, ఎక్కువైతే గ్రెయిన్లు మళ్లీ లావెక్కుతాయి. లాగి చూసినప్పుడు అతుకు దగ్గర కాక పక్కన తెగితే పాస్ అంటారు. నాకది సగం పరీక్షే. ఉప్పునీటిలో రోజంతా తిరిగే పంపు షాఫ్ట్‌ను ఎవరూ ఒక్కసారి లాగి వదిలేయరు కదా!

విశాఖ 1941లో నౌకా నిర్మాణ కేంద్రానికి పునాది పడ్డ ఊరు, 1966లో భారీ లోహపు పాత్రలు చేసే బీహెచ్‌పీవీ కర్మాగారం వచ్చిన ఊరు. షాఫ్టులకు ఈ పద్ధతి ఇక్కడ బాగానే పనికొస్తుంది. రెయిలింగ్‌ను మాత్రం గిర్రున తిప్పలేం. దానికి ఆర్గాన్ వాయువు రక్షణలో ఆర్క్‌తో చేసే ఆర్గాన్ వెల్డింగే గతి. పని ఇచ్చేముందు 304ఎల్ లేదా ఉప్పును ఇంకా బాగా తట్టుకునే 316ఎల్ అడగండి, అతుకు మీది రంగు పొరను యాసిడ్ పేస్టుతో తీయించండి.