బీడీఎల్ అంటే సున్నా కాదు: నీటి రిపోర్టులు, డేటాబేస్‌ల మీద అపోహలు - వాస్తవాలు

విశాఖలో సాగర్‌నగర్ నుంచి భీమిలి దాకా తీరం వెంబడి అపార్ట్‌మెంట్లలో బోరు నీళ్లు టెస్టుకి పంపడం ఇప్పుడు మామూలే. రిపోర్టు రాగానే వాట్సాప్ గ్రూపులో ఫొటో పడుతుంది. కింద ఎవరో ఒకరు రాసేస్తారు: "సీసం బీడీఎల్, ఆర్సెనిక్ బీడీఎల్. లేనట్టే కదండీ, నిశ్చింతగా తాగొచ్చు." పక్క గ్రూపులో అదే రిపోర్టు మీద ఇంకో ప్రచారం: "బీడీఎల్ అని రాశారంటే ఏదో దాస్తున్నారు." రెండూ తప్పే. రెండోది వట్టి పుకారు, నాలుగు రోజుల్లో చల్లారిపోతుంది. మొదటిది అలా పోదు. అది ఎక్సెల్ షీట్లోకి సున్నాగా ఎక్కుతుంది, అక్కడి నుంచి డేటాబేస్‌లోకి పోతుంది. ఆ తర్వాత అది కొలిచిన సున్నానా, మనం రాసుకున్న సున్నానా అన్నది ఎవరికీ తెలియదు.

అపోహ: బీడీఎల్ అంటే నీళ్లలో ఆ లోహం లేదు

బీడీఎల్, అంటే 'బిలో డిటెక్షన్ లిమిట్', చెప్పేది ఒక్కటే: ఆ పద్ధతిలో, ఆ మిషను పట్టుకోగలిగిన కనీస మోతాదు కంటే తక్కువ ఉంది. ఆ కనీస మోతాదు ఎంతో పక్కన రాయకపోతే ఆ మూడక్షరాల వల్ల ఉపయోగం లేదు.

తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 (2012) ప్రకారం సీసం లీటరుకు 0.01 మిల్లీగ్రాము దాటకూడదు. కాడ్మియం 0.003, పాదరసం 0.001. ల్యాబు సీసాన్ని ఫ్లేమ్ ఏఏఎస్ (మంటలో లోహాన్ని కొలిచే మిషను) మీద చూసింది, దాని లిమిట్ 0.05 అనుకుందాం. నీళ్లలో 0.04 ఉన్నా రిపోర్టులో బీడీఎల్ అనే వస్తుంది. పరిమితికి నాలుగు రెట్లు సీసం ఉన్న నీళ్లకి కూడా అదే మాట. ల్యాబు అబద్ధమాడలేదు. బియ్యం తూచే కాటా మీద బంగారం పెట్టారు, అంతే. సీసాన్ని 0.01 దగ్గర నమ్మకంగా కొలవాలంటే అంతకంటే సున్నితమైన గ్రాఫైట్ ఫర్నేస్ గానీ ఐసీపీ-ఎంఎస్ గానీ కావాలి. డిటెక్షన్ లిమిట్ ప్రమాణంలో మూడో వంతు లోపు ఉంటే ఆ బీడీఎల్‌ని నమ్మొచ్చు. ప్రమాణం కంటే పైన ఉంటే ఆ టెస్టుకి కట్టిన డబ్బు వృథా.

మన తీరానికి ఇంకో చిక్కు ఉంది. ఉప్పు ఎక్కువున్న నీటిని మిషను నేరుగా తట్టుకోదు కాబట్టి కెమిస్టు దాన్ని పది రెట్లు పలచన చేస్తారు. 0.002 ఉన్న లిమిట్ ఆ శాంపిల్ వరకు 0.02 అయిపోతుంది. అదే రోజు, అదే మిషను మీద, కొండవైపు తియ్యటి బోరుకి ఒక లిమిట్, తీరం పక్క ఉప్పుబోరుకి ఇంకో లిమిట్. రిపోర్టులో మాత్రం రెండింటికీ 'బీడీఎల్' అని ఒకే మాట. పైగా క్లోరైడ్ ఎక్కువైతే ఐసీపీ-ఎంఎస్‌లో మిషను వాడే ఆర్గాన్ వాయువు, నీళ్లలోని క్లోరిన్ కలిసి ద్రవ్యరాశి 75 దగ్గర కనబడతాయి. ఆర్సెనిక్ ఉండేదీ అక్కడే. ఈ అడ్డుని తొలగించే కొలిజన్ సెల్ వాడకపోతే ఉప్పుబోరులో లేని ఆర్సెనిక్ ఉన్నట్టు వస్తుంది. అలాంటి రిపోర్టు చూసి బెంబేలెత్తిన కుటుంబాలు ముందు ల్యాబుని అడగాల్సిన ప్రశ్న అదే: కొలిజన్ సెల్ వాడారా?

ఇప్పుడు ఈ సున్నా ఏం చేస్తుందో చూద్దాం. ఒక ఉప్పుబోరు నుంచి ఏడాదిలో ఆరు శాంపిళ్లు. సీసం అయిదింటిలో "0.02 కంటే తక్కువ", ఒకదాంట్లో 0.03. సగటు ఎంత?

బీడీఎల్ చోట సున్నా వేస్తే 0.005. ప్రమాణం 0.01 కాబట్టి బోరు పాస్. లిమిట్‌లో సగం, అంటే 0.01 వేస్తే సగటు 0.013. బోరు ఫెయిల్. లిమిట్ మొత్తం వేస్తే 0.022. ఆ గడుల్లో "<0.02" అనో "బీడీఎల్" అనో అక్షరాలుగా వదిలేస్తే ఎక్సెల్ ఏవరేజ్ ఫార్ములా వాటిని లెక్కలోకే తీసుకోదు, మిగిలిన ఒక్క అంకెనే సగటుగా చూపిస్తుంది: 0.03. నీళ్లు అవే, శాంపిళ్లు అవే, జవాబులు నాలుగు. అతి తక్కువకీ అతి ఎక్కువకీ మధ్య ఆరు రెట్ల తేడా. ఈ తేడా నీళ్లలోంచి రాలేదు, టైపు చేసిన చేతిలోంచి వచ్చింది.

ఆరింట్లో అయిదు బీడీఎల్ అయినప్పుడు అసలు సగటు తీయకూడదు. "ఆరింట్లో ఒకటి ప్రమాణానికి మూడు రెట్లు ఉంది, మిగతా అయిదు ప్రమాణం లోపల ఉన్నాయో లేదో ఈ పద్ధతి చెప్పలేదు" అని రాయాలి. నిజం అంతే. బీడీఎల్‌లు సగం కంటే తక్కువ ఉంటే మీడియన్ (వరసలో పేర్చితే నడుమ వచ్చే అంకె) ఇవ్వొచ్చు. కాస్త పెద్ద డేటా అయితే బీడీఎల్‌లని కలుపుకుని లెక్క కట్టే కప్లాన్-మేయర్ లాంటి గణాంక పద్ధతులున్నాయి. సగం లిమిట్ వేసే అలవాటు చాలామందికి ఉంది. బీడీఎల్‌లు ఒకటీ అరా ఉంటే దానివల్ల పెద్ద నష్టం లేదు. ఎక్కువైతే అది అంకెల్ని కల్పించడమే.

డేటాబేస్‌లో ఇది సరిగ్గా నిలవాలంటే ఫలితానికి ఒక్క కాలమ్ చాలదు. అంకె ఒక కాలమ్‌లో, దాని ముందు గుర్తు ("<" లేదా "=") వేరే కాలమ్‌లో, ఆ శాంపిల్‌కి వర్తించిన డిటెక్షన్ లిమిట్ మూడో దాంట్లో పెట్టాలి. పలచన ఎన్ని రెట్లు, యూనిట్, పద్ధతి, శాంపిల్ తీసిన సమయం, ల్యాబులో చేసిన సమయం వేటికవే విడిగా ఉండాలి. ఖాళీ గడికి ఒకే అర్థం ఉండాలి: ఆ టెస్టు చేయలేదు. సీసా పగిలితే, శాంపిల్ చాలకపోతే కారణం రాసే కాలమ్ ఇంకోటి పెట్టండి. ఇప్పటికే సున్నాలు ఎక్కిపోయిన షీటు చేతిలో ఉంటే, లోహాల కాలమ్‌లో సున్నాలన్నీ ఫిల్టర్ చేసి పాత రిపోర్టులతో ఒక్కొక్కటీ పోల్చాలి. విసుగు పుట్టే పనే, దగ్గరదారి లేదు. ఏ మిషనూ సున్నా అని కొలవదు, కాబట్టి అక్కడున్న ప్రతి సున్నానీ అనుమానించాల్సిందే.

ఇంట్లో పసిపిల్లలుండి ఇలాంటి రిపోర్టు చేతిలో పట్టుకుని కంగారు పడుతున్నవారికి ఒక మాట. బీడీఎల్ అంటే సున్నా కాదన్నంత మాత్రాన విషం ఉందని కాదు. ల్యాబుకి ఫోన్ చేసి రెండు సంగతులు అడగండి: సీసానికి ఈ శాంపిల్ మీద డిటెక్షన్ లిమిట్ ఎంత, పలచన చేశారా? జవాబు 0.003 లోపు అయితే ఆ శాంపిల్ వరకు దిగులు అక్కర్లేదు. 0.01 దాటితే వేరే పద్ధతిలో మళ్లీ చేయించండి. సీసం చాలాసార్లు బోరులోంచి కాక ఇంటి పైపులు, ఇత్తడి ఫిట్టింగుల నుంచి వస్తుంది. అందుకని రెండు సీసాలు పట్టండి: తెల్లవారగానే కుళాయి తిప్పిన మొదటి నీళ్లు ఒకటి, అయిదు నిమిషాలు వదిలాక ఇంకోటి. మొదటి దాంట్లోనే ఎక్కువ వస్తే లోపం పైపులది. నీళ్లు కాచితే సీసం పోదు. ఆర్‌ఓ చాలావరకు తగ్గిస్తుంది.

అపోహ: నైట్రేట్ 45 లోపుంది, భయం లేదు

ముందు యూనిట్ చూడండి. లీటరుకి 45 మిల్లీగ్రాములు అనే ప్రమాణం నైట్రేట్‌కి. కొన్ని రిపోర్టులు 'నైట్రేట్ నైట్రోజన్' అని ఇస్తాయి. దాన్ని 4.43తో హెచ్చిస్తే గానీ నైట్రేట్ రాదు. నైట్రోజన్‌గా 10.2 అంటే నైట్రేట్‌గా 45.2, పరిమితి దాటినట్టే. రెండు ల్యాబుల రిపోర్టులు ఒకే కాలమ్‌లో పోస్తే ఒకదాంట్లో 10, ఇంకోదాంట్లో 44 కనబడి, "నీళ్లు బాగుపడ్డాయి" అని గ్రాఫు కూడా గీసేస్తారు. ఆర్నెల్ల లోపు పిల్లలకి నైట్రేట్ ఎక్కువున్న నీళ్లతో పాలపొడి కలిపితే రక్తం ఆక్సిజన్ మోసే శక్తి తగ్గుతుంది. కాచితే నీళ్లు ఆవిరై నైట్రేట్ ఇంకా చిక్కబడుతుంది. అనుమానం ఉంటే తేలేదాకా పాలు కలపడానికి వేరే నీళ్లు వాడండి.

అపోహ: ఎన్‌ఏబీఎల్ ముద్ర ఉంటే డేటా మీద అనుమానం అక్కర్లేదు

ఎన్‌ఏబీఎల్ ల్యాబులకి గుర్తింపు ఇచ్చే సంస్థ. ఆ గుర్తింపు ల్యాబు మొత్తానికి గంపగుత్తగా రాదు, పరామితి వారీగా, పద్ధతి వారీగా వస్తుంది. రిపోర్టు అడుగున "ఫలితాలు అందిన శాంపిల్‌కి మాత్రమే వర్తిస్తాయి" అన్న వాక్యం కూడా చదవాలి. కూల్‌డ్రింక్ సీసాలో పట్టి, డిక్కీలో మధ్యాహ్నం దాకా ఉంచి ఇచ్చిన నీళ్లని ల్యాబు ఎంత బాగా కొలిచినా అది డిక్కీలో ఎండకి మగ్గిన నీళ్ల లెక్కే.

బోరు కేసింగ్‌లో నిలవున్న నీరు భూగర్భ జలం కాదు. ఆరంగుళాల బోరు, అంటే వెడల్పు 15 సెంటీమీటర్లు, లోపల 30 మీటర్ల నీళ్లుంటే అది సుమారు 530 లీటర్లు. దానికి మూడింతలు, దాదాపు 1,590 లీటర్లు తోడాకే సీసా పట్టాలి. నిమిషానికి 40 లీటర్లు పోసే మోటారైతే 40 నిమిషాలు పడుతుంది. రోజూ నడిచే బోరైతే అంతసేపు అక్కర్లేదు. అయిదేసి నిమిషాలకి కండక్టివిటీ (నీళ్లలో కరెంటు పారే తీరు) చూస్తూ, వరసగా మూడు రీడింగులు ఒక్కలాగే వస్తే చాలు. ఈ రీడింగులు కూడా డేటాబేస్‌లోకి వెళ్లాలి, చాలామంది నోట్‌బుక్‌లోనే వదిలేస్తారు.

లోహాల సీసాలో లీటరుకి 1.5 మి.లీ. గాఢ నైట్రిక్ ఆసిడ్ వేసి పీహెచ్ 2 లోపుకి తేవాలి, లేకపోతే లోహం సీసా గోడకి అంటుకుని తక్కువ వస్తుంది. కరిగిన లోహాలే కావాలంటే ముందు 0.45 మైక్రాన్ ఫిల్టర్, తర్వాతే ఆసిడ్. వరస తిరగబడితే బురదలోని లోహం కూడా కరిగి అంకె ఎగబాకుతుంది. ఆ సీసాలోంచే నైట్రేట్ చేయమంటే వచ్చేది మీరు పోసిన ఆసిడ్ నైట్రేటే, లీటరుకి వెయ్యి మిల్లీగ్రాములు దాటి. బ్యాక్టీరియాకి స్టెరైల్ సీసా వేరుగా పట్టాలి. కార్పొరేషన్ కుళాయి నీళ్లయితే అందులో సోడియం థయోసల్ఫేట్ ఉండాలి, లేకపోతే దారిపొడవునా క్లోరిన్ బ్యాక్టీరియాని చంపుతూనే ఉంటుంది. ఐస్ పెట్టెలో పెట్టి 24 గంటల్లోపు ల్యాబులో ఇవ్వాలి.

ప్రతి పది శాంపిళ్లకి ఒక డూప్లికేట్, ప్రతి ట్రిప్పుకి ఒక ఫీల్డ్ బ్లాంక్ (శుద్ధమైన నీళ్లతో అక్కడే నింపిన సీసా) తప్పనిసరి. డూప్లికేట్లు 40, 46 వస్తే తేడా 6, సగటు 43, అంటే 14 శాతం. 20 శాతం లోపుంటే సరే. బ్లాంక్‌లోనే జింక్ కనబడితే ఆ రోజు జింక్ అంకెలన్నిటికీ గుర్తు పెట్టాలి.

అపోహ: అయాన్ బ్యాలెన్స్ కుదిరితే టైపింగ్ తప్పులు లేవు

నీళ్లలో కరిగిన ధన అయాన్లు, రుణ అయాన్ల మిల్లీ ఈక్వివలెంట్లలో (ఆవేశం లెక్కన కట్టిన మోతాదు) తేడాని వాటి మొత్తంతో భాగించి నూటికి లెక్క కట్టడం మంచి పరీక్షే, 5 శాతం లోపుండాలి. ఒక బోరు లెక్క, లీటరుకి మిల్లీగ్రాముల్లో, చూడండి: కాల్షియం 80, మెగ్నీషియం 36, సోడియం 230, పొటాషియం 8, బైకార్బొనేట్ 366, క్లోరైడ్ 284, సల్ఫేట్ 96, నైట్రేట్ 62. మిల్లీ ఈక్వివలెంట్లలో ధన అయాన్లు 17.16, రుణ అయాన్లు 17.01, తేడా అర శాతం కూడా లేదు. క్లోరైడ్‌ని పొరపాటున 824 అని కొడితే తేడా 30 శాతం దాటి పట్టుబడుతుంది. 248 అని కొడితే 3.5 శాతం, దర్జాగా పాస్. అందుకే రెండుసార్లు వేర్వేరు మనుషులతో ఎంట్రీ చేయించి పోల్చమనేది.

మిగిలినవి

టీడీఎస్ మీటర్ పెన్ను కరెంటు పారే తీరునే కొలుస్తుంది. 80 చూపించిన నీళ్లలో ఈ-కోలి ఉండొచ్చు, సీసం ఉండొచ్చు.

ఫోన్ యాప్‌లో గాలి నాణ్యత సూచీ 150 దాటింది, ప్రభుత్వ సైట్లో 100 ఉంది, ఎవరో ఒకరు దొంగ అన్న మాట ఇక ఆపాలి. పీఎం 2.5 (గాలిలో అతి సన్నని ధూళి) ఘనపు మీటరుకి 60 మైక్రోగ్రాములుంటే మన సూచీలో 100, అమెరికా సూచీలో 150 పైన. కొలబద్దలు వేరు. డేటాబేస్‌లో సూచీ కాక మైక్రోగ్రాములే దాచుకోండి.

తుపాను రోజు, మొదటి వాన రోజు వచ్చిన వింత అంకెని "అవుట్‌లయర్" అని చెరిపేయకండి. గుర్తు పెట్టి ఉంచండి. చెరిపేసింది మళ్లీ దొరకదు.

అక్షాంశ రేఖాంశాలు మ్యాప్ మీద వేసి చూడకుండా ఎవరికీ పంపొద్దు. గాజువాక 17 డిగ్రీల 41 నిమిషాలు, 83 డిగ్రీల 13 నిమిషాలు. దశాంశాల్లో 17.683, 83.217. నిమిషాలనే దశాంశాలనుకుని 17.41, 83.13 అని కొడితే బోరు పూడిమడక అవతల సముద్రంలో తేలుతుంది. రెండూ తారుమారైతే ఉత్తర ధ్రువం దగ్గరికి పోతుంది, అది చూడగానే తెలుస్తుంది. సముద్రంలో పడ్డదైతే "తీరప్రాంత శాంపిల్" అనుకుని చాలామంది వదిలేస్తారు.