మతిమరుపు భయమా? ముందు బీపీ చూపించుకోండి

యాభై దాటాక తెలిసిన పేర్లు నోటికి రాకపోతే చాలామంది ముందు బాదం పప్పు నానబెడతారు. తర్వాత సరస్వతి ఆకు పొడి, ఆ తర్వాత ఫోన్‌లో సుడోకు. అసలు చూసుకోవాల్సినవి మాత్రం అలాగే ఉండిపోతాయి. బీపీ ఎంత ఉందో తెలియదు. చెవి సరిగా వినబడక ఏళ్లు గడిచినా పరీక్ష చేయించుకోరు. అడిగితే "వయసు మీద పడుతోంది కదా" అంటారు.

2024లో 'లాన్సెట్' వైద్య పత్రిక నియమించిన నిపుణుల బృందం, డిమెన్షియా (జ్ఞాపకశక్తి, ఆలోచన క్రమంగా దెబ్బతిని రోజువారీ పనులకే అడ్డొచ్చే జబ్బు) ముప్పును పెంచేవాటిలో మనం సరిదిద్దుకోగలిగినవి 14 అని తేల్చింది. అవన్నీ లేకుండా చేయగలిగితే దాదాపు 45 శాతం కేసులను ఆపడమో, ఆలస్యం చేయడమో సాధ్యమని వాళ్ల అంచనా. బీపీ, షుగర్, చెడు కొలెస్ట్రాల్, పొగతాగడం, వినికిడి తగ్గడం, చూపు తగ్గడం, ఒంటరితనం అందులో ఉన్నాయి. తలకు తగిలే దెబ్బ కూడా ఉంది. అంటే బండి మీద హెల్మెట్ పెట్టుకోవడమూ మెదడును కాపాడుకునే అలవాటే. మన దేశంలో అరవై దాటినవాళ్లలో సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని అంచనా. కాబట్టి ఇది ఎవరి ఇంటికీ దూరపు విషయం కాదు.

బీపీ సంగతి ముందు చెప్పుకోవాలి. మెదడు బరువు మన ఒంటి బరువులో 2 శాతమే. అయినా శరీరానికి అందే ఆక్సిజన్‌లో అయిదో వంతు దానికే కావాలి. మెదడు లోపలి భాగాలకు రక్తం చేరేది చాలా సన్నని నాళాల ద్వారా. బీపీ ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే ఆ నాళాల గోడలు మందమై బిరుసెక్కుతాయి. కొన్ని మూసుకుపోతాయి. మాట పడిపోదు, చెయ్యి పడిపోదు కాబట్టి మనిషికి ఏమీ తెలియదు. ఏ ఎమ్మారై తీసినప్పుడో తెల్లటి మచ్చలుగా బయటపడతాయి. ఆలోచన నెమ్మదించడం, లెక్కల్లో తడబడటం, పనిని వరసలో చేయలేకపోవడం వీటి వల్ల రావచ్చు.

నష్టం ఎక్కువగా మొదలయ్యేది నలభైల్లో, యాభైల్లో. సరిగ్గా ఆ వయసులోనే "బీపీ నార్మల్‌కి వచ్చేసింది, మాత్ర ఆపేశాను" అనే మాట వింటుంటాం. మాత్ర వేసుకుంటున్నందువల్లే అది నార్మల్‌గా ఉందని ఇంట్లో ఎవరో ఒకరు గట్టిగా చెప్పాలి.

అమెరికాలో తొమ్మిది వేల మందికి పైగా పాల్గొన్న ఒక పెద్ద ప్రయోగంలో, పై బీపీని 140కి బదులు 120 లోపు ఉంచినవాళ్లలో జ్ఞాపకశక్తి, ఆలోచన స్వల్పంగా దెబ్బతినే దశ 19 శాతం తగ్గింది. 2019లో ఈ ఫలితం వచ్చింది. నాకు ఇంకా ఎక్కువ ఆశ కలిగించింది చైనా పల్లెల్లో జరిగిన ప్రయోగం. 326 ఊళ్లలో దాదాపు 34 వేల మంది బీపీ రోగులను తీసుకున్నారు. సగం ఊళ్లలో పెద్ద డాక్టర్లు కాకుండా పల్లె వైద్యులే బీపీ చూసి, మందులు సర్దుబాటు చేసి, మాత్రలు మానకుండా వెంటపడ్డారు. నాలుగేళ్లలో ఆ ఊళ్లలో డిమెన్షియా 15 శాతం తక్కువగా వచ్చింది. మన ఊళ్లలో కూడా ఏఎన్ఎంలు, ఆశా కార్యకర్తలు బీపీ పరీక్షలు చేసే ఏర్పాటు ఉంది. వాళ్లు ఇంటికి వస్తే "నాకేం జబ్బు లేదమ్మా" అని పంపేయకండి.

ఇక చెవి. వయసుతో ముందు పోయేది సన్నని, ఎక్కువ పౌనఃపున్యపు శబ్దాలు వినే శక్తి. 'స', 'ష', 'త' లాంటి హల్లులు జారిపోతాయి, అచ్చులు మిగులుతాయి. అందుకే పెద్దవాళ్లు "వినబడుతోందిరా, ఏమంటున్నావో తెలియట్లేదు" అంటారు. అది అక్షరాలా నిజం. మనం గట్టిగా అరిచినా ఆ హల్లులు తిరిగి రావు. పెళ్లింట్లో పదిమంది మాట్లాడుకుంటున్నప్పుడు అమ్మమ్మ "ఏంటట?" అని అడుగుతుంది. "ఏం లేదులే అమ్మమ్మా" అంటారు. నాలుగుసార్లు అలా అయ్యాక ఆమె అడగడం మానేస్తుంది. తర్వాత ఆ గదిలోకి రావడమే మానేస్తుంది. వినికిడి లోపం మెదడును దెబ్బతీసే దారుల్లో ఇదొకటి: మాట తగ్గుతుంది, మనుషులు తగ్గుతారు. సగం సగం వినబడిన మాటను పూరించుకోవడానికే మెదడు శక్తంతా పోవడం మరొకటి.

2023లో వెలువడిన ఒక అమెరికన్ ప్రయోగంలో 70 నుంచి 84 ఏళ్ల వయసున్న 977 మంది పాల్గొన్నారు. వినికిడి యంత్రాలు ఇచ్చినా మొత్తం మీద మూడేళ్లలో పెద్ద తేడా కనబడలేదు. కానీ ముందే ముప్పు ఎక్కువగా ఉన్నవాళ్లలో ఆలోచనాశక్తి తగ్గే వేగం 48 శాతం తగ్గింది. మన ఇళ్లలో యంత్రం కొన్నా అది బీరువాలోనే ఉంటుంది. పెట్టుకుంటే కుయ్‌మంటుందని, గిన్నెల చప్పుడు తలలో మోగుతుందని తీసేస్తారు. చెవిలో సరిగా కూర్చోకపోతే కుయ్‌మంటుంది. ఆడియాలజిస్ట్ (వినికిడి నిపుణులు) దగ్గరికి మళ్లీ మళ్లీ వెళ్లి సరిచేయించుకోవాలి, కొత్త శబ్దాలకు మెదడు అలవాటు పడటానికి కొన్ని వారాలు ఓపిక పట్టాలి. డబ్బు ఇబ్బంది ఉన్న వృద్ధులకు కేంద్ర ప్రభుత్వ వయోశ్రీ పథకం కింద వినికిడి యంత్రాలు ఇస్తారు.

మాట ఎంత ముఖ్యమో హైదరాబాద్‌లోనే తేలింది. నిమ్స్‌లో న్యూరాలజిస్ట్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు పరిశీలించి 2013లో ప్రచురించింది. రెండు భాషలు మాట్లాడేవాళ్లలో జబ్బు సగటున నాలుగున్నర ఏళ్లు ఆలస్యంగా మొదలైంది. బడి మొహం చూడనివాళ్లలో కూడా ఈ తేడా ఉంది. కాబట్టి దీన్ని చదువు ఖాతాలో వేయలేం. పక్కింటివాళ్లతో ఉర్దూ, ఇంట్లో తెలుగు మాట్లాడే మనిషి రోజంతా ఒక భాషను పక్కన పెట్టి ఇంకోదాన్ని అందుకుంటూ ఉంటారు, అదే మెదడుకు కసరత్తు. ఇది రోగుల రికార్డులను చూసి చెప్పిన సంగతే, ప్రయోగం కాదు. అయినా మనవళ్లతో పెద్దవాళ్లు వచ్చీరాని ఇంగ్లిష్ మాట్లాడితే నవ్వకండి, మాట్లాడనివ్వండి.

నడక గురించి అందరికీ తెలుసు కాబట్టి ఒక్క సంగతే చెబుతాను. 2011లో వచ్చిన అధ్యయనంలో వారానికి మూడుసార్లు, 40 నిమిషాల చొప్పున ఏడాది పాటు నడిచిన పెద్దవాళ్లలో, జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోక్యాంపస్ 2 శాతం పెరిగింది. ఒళ్లు సాగదీసే వ్యాయామాలు మాత్రమే చేసినవాళ్లలో అది కుంచించుకుపోయింది. తర్వాత వచ్చిన అన్ని పరిశోధనల్లోనూ ఇంత స్పష్టమైన ఫలితం రాలేదు. కానీ బీపీకి, షుగర్‌కి, నిద్రకి నడక చేసే మేలులో అనుమానం లేదు.

మతిమరుపు నిజంగానే మొదలైందనిపిస్తే బీ12, థైరాయిడ్ పరీక్షలు తప్పక చేయించాలి. బీ12 లోపం శాకాహారుల్లోనూ, షుగర్‌కి మెట్‌ఫార్మిన్ ఎక్కువ కాలం వాడేవాళ్లలోనూ తరచుగా కనబడుతుంది. బీ12 లోపానికీ, థైరాయిడ్ సమస్యకీ మందులున్నాయి. డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఇంట్లో ఉన్న మాత్రలన్నీ ఒక కవర్లో వేసి తీసుకెళ్లండి, నిద్ర కోసం, జలుబు కోసం షాపులో అడిగి కొన్నవి కూడా. వీటిలో కొన్ని పెద్దవాళ్లను మత్తుగా, అయోమయంగా చేస్తాయి. అలాంటివి ఆపితే ఒక్కోసారి మనిషి మళ్లీ తేటపడతారు. విదేశాల్లో ఉండే పిల్లలైతే సెలవులకు వచ్చినప్పుడు అమ్మానాన్నలను ఈఎన్‌టీ దగ్గరికి కూడా తీసుకెళ్లి ఆడియోమెట్రీ (వినికిడి పరీక్ష) చేయించండి. ఇక వారం వారం ఫోన్ చేసినప్పుడు "బాగున్నావా" అన్న తర్వాత బీపీ ఎంత వచ్చిందో అంకెతో సహా అడగండి.