పని వేళ్లది, నొప్పి మోచేతిది

కంప్యూటర్ ముందు గంటల తరబడి కూర్చునేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: “టైపు చేసేది వేళ్లు, మౌసు నొక్కేది వేళ్లు. మరి నొప్పి మోచేతి పక్కన ఎందుకు వస్తోంది?” మంచి ప్రశ్న. దీనికి జవాబు తెలిస్తే మందుల షాపుకు వెళ్లే ముందు కుర్చీ ఎత్తు చూసుకోవాలని తోస్తుంది.

ముందు ఒక చిన్న పరీక్ష. ఎడమ అరచేతిని కుడి ముంజేతి మీద, మోచేతికి నాలుగు వేళ్ల దూరంలో ఆనించండి. ఇప్పుడు కుడి చేతి వేళ్లతో బల్ల మీద దరువు వేయండి. చర్మం కింద ఏదో పాకుతున్నట్టు కండ కదులుతుంది. వేళ్లలో కండరాలు లేవు. వాటిని ముడిచే కండరాలు ముంజేతి లోపలి వైపు, చాచే కండరాలు పై వైపు ఉంటాయి. అక్కడి నుంచి టెండన్లనే తాళ్లు మణికట్టు దాటి వేళ్ల దాకా వెళ్తాయి. అరచేతిలోనూ చిన్న చిన్న కండరాలు ఉన్నాయి గానీ బరువు పనంతా ముంజేతిదే.

ఇక్కడ తెలుగుతో ఒక చిక్కుంది. చేతి మీద నీలంగా తేలేది నరమే, మణికట్టు దగ్గర తాడులా గట్టిగా తగిలేది నరమే, తిమ్మిరెక్కేదీ నరమే. నిజానికి మొదటిది రక్తనాళం, రెండోది టెండన్, మూడోది ఒక్కటే అసలు నరం. “నరం పట్టేసింది” అన్నవాళ్ల చేతికి నూనె రాసి గట్టిగా తోమేవాళ్లు ఈ మూడింట్లో దేన్ని తోముతున్నారో వాళ్లకే తెలియాలి. టెండన్‌కు పనికొచ్చే వైద్యం నరానికి పనికిరాదు, ఒక్కోసారి చెరుపు కూడా చేస్తుంది. అందుకని ఈ వ్యాసంలో నరం అంటే అసలు నరమే.

టెండన్ అర్థం కావాలంటే సైకిల్ బ్రేకు వైరును చూడాలి. మీట ఒకచోట, పట్టు ఇంకోచోట. మధ్యలో తొడుగు, తొడుగులో జారే వైరు. తొడుగు సాఫీగా ఉన్నంతకాలం మీట రెండు వేళ్లతో నొక్కినా బ్రేకు పడుతుంది. తొడుగు ఒకచోట మడతపడిందనుకోండి, మీట బిగుసుకుంటుంది, అదే బ్రేకుకు రెట్టింపు బలం పెట్టాలి. పైగా ఆ మడత దగ్గర వైరు తొడుగు గోడకు రాసుకుంటూ పోగు పోగుగా తెగుతుంది. మెకానిక్ వైరు మారుస్తాడు. మడత అలాగే ఉంటే కొత్త వైరూ అక్కడే తెగుతుంది.

మన చేతిలో ఆ మడత మణికట్టు. మణికట్టు తిన్నగా ఉంటే టెండన్లు తొడుగుల్లో జారతాయి. పైకి వంచితే ముడిచే టెండన్లు ఎముకలకు ఒరుసుకుంటాయి, కిందికి వంచితే అరచేతి వైపున్న పట్టీకి ఒరుసుకుంటాయి. ఆ దారి కూడా ఇరుకే. అడుగునా పక్కలా 8 చిన్న ఎముకలు, పైకప్పుగా మందపాటి పట్టీ. ఆ సొరంగంలోంచి 9 టెండన్లు వెళ్తాయి, వాటి మధ్యనే మీడియన్ నరం కూడా. ఒకే గొట్టంలో తొమ్మిది బ్రేకు వైర్లు, ఒక కరెంటు వైరు దూర్చినట్టు. వైర్ల తొడుగులు కాస్త ఉబ్బితే చాలు, నలిగేది కరెంటు వైరే.

ఎంత నలుగుతుందో కొలిచి చూశారు. ఆరోగ్యవంతుల్లో మణికట్టు తిన్నగా ఉన్నప్పుడు సొరంగంలో పీడనం సుమారు 2.5 మిల్లీమీటర్ల పాదరసం (రక్తపోటు కొలిచేదీ ఇందులోనే). పూర్తిగా పైకో కిందికో వంచితే అది 30 దాకా ఎక్కుతుంది. 20 నుంచి 30 మధ్యలోనే నరానికి చెందిన సన్నటి సిరల్లో రక్తం నెమ్మదిస్తుంది. మౌసు పట్టుకుని దేన్నైనా లాగేటప్పుడు కూడా పీడనం దాదాపు 30 దగ్గరికే వెళ్తుంది.

పోలిక ఒకచోట చెడుతుంది. బ్రేకు వైరు తనంతట తాను బాగుపడదు, టెండన్ బాగుపడుతుంది. రోజూ అరుగుతుంది, విశ్రాంతిలో పూడుకుంటుంది. కానీ రక్తసరఫరా తక్కువ కాబట్టి ఆ మరమ్మతు కండరంలో జరిగినంత వేగంగా జరగదు. అరుగుదల మరమ్మతును దాటిపోయిన రోజు నుంచి లెక్క మొదలవుతుంది, నొప్పి వారాల తర్వాత తెలుస్తుంది. “నిన్నటి దాకా బాగానే ఉంది, ఏమీ చేయలేదు” అని చాలామంది అనడానికి కారణం ఇదే.

ఇక మోచేతి సంగతి. ముడిచే టెండన్లు లాగినప్పుడు వేలితో పాటు మణికట్టు కూడా లోపలికి ముడుచుకుపోవాలి కదా? ముడుచుకోదు. ఎందుకంటే అదే క్షణంలో ముంజేతి పై వైపు కండరాలు వెనక్కి లాగి పట్టుకుంటాయి. గట్టిగా పిడికిలి బిగించి ముంజేతి పై భాగాన్ని తాకండి, రాయిలా ఉంటుంది. మణికట్టును పూర్తిగా కిందికి వంచి మళ్లీ పిడికిలి బిగించడానికి ప్రయత్నించండి, పట్టు రాదు. అంటే ముడవడం ఒకరి పని, దాని కూలి ఇద్దరిదీ. పై వైపు కండరాల్లో చాలావాటి మొదలు మోచేతి బయటివైపు బొడిపె దగ్గరే ఉంటుంది. నొప్పి అక్కడికి చేరడంలో వింతేమీ లేదు. దీనికి టెన్నిస్ ఎల్బో అని పేరు పెట్టారు గానీ, ఈ నొప్పి ఉన్నవాళ్లలో చాలామంది జన్మలో టెన్నిస్ బ్యాటు పట్టి ఉండరు.

అసలు విషయం ఇంకా రాలేదు. చేతిని మౌసు మీద మామూలుగా పెట్టి, చూపుడు వేలిని బటన్ నుంచి రెండు మిల్లీమీటర్లు పైకి లేపి అలాగే ఉంచండి. నిమిషం తిరిగేలోపు ముంజేతి మీద ఒక తాడు బిగుసుకోవడం తెలుస్తుంది. క్లిక్ చేయడానికి పట్టేది సెకనులో చిన్న భాగం. మిగతా సమయమంతా వేలు పొరపాటున నొక్కకుండా గాలిలో వేలాడుతూ ఉంటుంది. నొక్కడం పని అనుకుంటాం గానీ నొక్కకుండా ఉండటమే పెద్ద పని.

కండరం అంతా ఒక్కసారిగా పనిచేయదు. తేలిక పనికి చిన్న పోగులు ముందు లేస్తాయి, బరువు పెరిగితేనే పెద్దవి వచ్చి కలుస్తాయి. బరువు తగ్గగానే పెద్దవి వెళ్లిపోతాయి, చిన్నవి చివరిదాకా ఉంటాయి. ఇంట్లో అందరికన్నా ముందు లేచి, అందరూ పడుకున్నాక నడుం వాల్చే మనిషి పరిస్థితి వాటిది. స్వీడన్ శాస్త్రవేత్త హేగ్ 1991లో ఈ పోగులకు సిండ్రెల్లా కథ పేరే పెట్టాడు. కండరం మొత్తం చూస్తే తన శక్తిలో నాలుగైదు శాతమే వాడుతుంటుంది, అలసట లెక్కలోకే రాదు. ఆ నాలుగు పోగులకు మాత్రం రోజంతా సెలవు లేదు. తేలిక పని ఇంత నొప్పి ఎందుకు తెస్తుందన్నదానికి ఇంతకన్నా మంచి వివరణ నాకు కనపడలేదు.

తప్పు చేయకూడదన్న ఆందోళనలోనూ ఇవే పోగులు బిగుస్తాయి. ఇటలీ వైద్యుడు బెర్నార్డినో రమజ్జీని 1713లో లెక్కలు రాసే గుమాస్తాల చేతినొప్పికి మూడు కారణాలు చెప్పాడు: కదలకుండా కూర్చోవడం, చెయ్యి ఎప్పుడూ ఒకే తీరుగా ఆడటం, పద్దుల్లో తప్పు పడుతుందేమోనన్న మనసు ఒత్తిడి. ఈకకలం పోయి కీబోర్డు వచ్చినా మూడింట్లో ఒక్కటీ మారలేదు.

సర్దుబాటును కుర్చీతో మొదలుపెట్టాలి. వెన్ను ఆనించి కూర్చుని, భుజాలు వదిలేసి, మోచేతులు పక్కలకు వేలాడనిచ్చి, ముంజేతులను నేలకు సమాంతరంగా ఉంచండి. నేల నుంచి మోచేతి అడుగు ఎంత ఎత్తుందో టేపుతో కొలిపించండి. కీబోర్డులో మధ్య వరుస ఆ ఎత్తులోనే, లేదా ఒకటి రెండు సెంటీమీటర్లు కిందికే ఉండాలి. మామూలు బల్లలు 73 నుంచి 75 సెంటీమీటర్లుంటాయి. 160 సెంటీమీటర్ల పొడవున్న మనిషికి కూర్చున్నప్పుడు మోచేయి 63 దగ్గర ఉంటుంది. ఆ పది సెంటీమీటర్ల తేడాను భుజాలు ఎత్తో, మణికట్టు వంచో రోజంతా పూడుస్తుంటాం. కుర్చీని పది సెంటీమీటర్లు లేపి, కాళ్ల కింద అంతే ఎత్తు పీట వేయాలి. పీట మరిచిపోతే తొడల కింద సీటు అంచు ఒత్తి కాళ్లు తిమ్మిరెక్కుతాయి. రెండో రోజుకే కుర్చీ మళ్లీ కిందికి దిగిపోతుంది. ఈ సర్దుబాటు చెడేది ఎక్కువగా ఇక్కడే.

కీబోర్డు వెనక రెండు బుల్లి కాళ్లుంటాయి. వాటిని మడిచేయండి. అవి చేసే మేలేమిటో గానీ, మణికట్టును పైకి వంచడం మాత్రం తప్పకుండా చేస్తాయి. ముందు అంచు కిందే సెంటీమీటరు చెక్క పెట్టి ఏటవాలును తిరగేస్తే ఇంకా మంచిది. మణికట్టు కింద పెట్టుకునే మెత్త, టైపు ఆపి ఆలోచించేటప్పుడు అరచేతి మడమ ఆనించుకోవడానికే. దాని మీద మణికట్టు ఆనించి టైపు చేస్తే సరిగ్గా ఆ సొరంగం కప్పు మీదే బరువు పడుతుంది.

కుడి పక్కన అంకెల మీటలున్న కీబోర్డు వెడల్పు 44 సెంటీమీటర్లు, అవి లేనిది 36. ఆ ఎనిమిది సెంటీమీటర్ల వల్ల మౌసు దూరం జరుగుతుంది. మోచేయి ఒంటిని వదిలి పక్కకు తెరుచుకుంటుంది. మొత్తం చెయ్యి ఒంటి బరువులో దాదాపు 5 శాతం, అంటే 60 కిలోల మనిషికి 3 కిలోలు. దాన్ని మోసేది మెడ, భుజం. అంకెలు పెద్దగా కొట్టనివాళ్లు చిన్న కీబోర్డు తీసుకుంటే సరిపోతుంది. పాయింటర్ వేగం పెంచండి, మౌసును మణికట్టుతో కాక మోచేతి నుంచి కదపండి, క్లిక్ లేనప్పుడు వేలిని బటన్ మీదే వాల్చేయండి. బటన్ మరీ తేలికై వేలి బరువుకే నొక్కుకుపోతుంటే ఆ మౌసు మార్చాలి. లాగుడు పని ఎక్కువుంటే విండోస్ మౌసు సెట్టింగుల్లో క్లిక్‌లాక్ ఉంది, బటన్‌ను పట్టుకుని ఉండనక్కర్లేదు. నిలువు మౌసు మణికట్టు తీరును మారుస్తుంది, ముంజేతికి హాయిగానూ ఉంటుంది. కానీ సొరంగంలో పీడనం మాత్రం దానివల్ల తగ్గలేదని కొలిచినవాళ్లు చెప్పారు. తిమ్మిరి కోసం దాన్ని కొనేవాళ్లు ఈ సంగతి తెలుసుకుని కొనాలి.

కీబోర్డు మీట నొక్కడానికి 50, 60 గ్రాముల బలం చాలు. చాలామంది అంతకు రెండు మూడు రెట్లు బాదుతారు. నిమిషానికి 40 ఇంగ్లీషు మాటలంటే గంటకు 12,000 దెబ్బలు, లెక్క మీరే వేసుకోండి.

విరామం అరగంటకొకసారి కాక 20 నిమిషాలకొకసారి, అరనిమిషం చాలు. కానీ చేతులు ఒళ్లో వేసుకోవాలి. ఆ అరనిమిషం ఫోను తీస్తే అది విరామం కాదు, బొటనవేలికి అదనపు పని. బొటనవేలి మొదట్లో రెండు టెండన్లు ఒకే ఇరుకు తొడుగులో వెళ్తాయి. అక్కడ వచ్చే నొప్పిని స్విస్ సర్జన్ డి కెర్వాన్ 1895లో వర్ణించాడు. బొటనవేలిని పిడికిట్లో మూసి, మణికట్టును చిటికెన వేలి వైపు వంచితే అక్కడ చురుక్కుమంటుంది. కాస్త లాగినట్టు అందరికీ ఉంటుంది, అది వేరు.

తిమ్మిరి ఉంటే ఏ వేళ్లకో చూసుకోండి. బొటన, చూపుడు, మధ్య వేళ్లు, ఉంగరం వేలిలో సగం అయితే మణికట్టు సొరంగం. రాత్రి తిమ్మిరితో మెలకువ వచ్చి చెయ్యి విదిలిస్తే తగ్గడం దీని గుర్తు. చిటికెన వేలు, ఉంగరం వేలిలో మిగతా సగం అయితే తప్పు మోచేతి లోపలి వైపుది. కుర్చీ చేతి అంచు అక్కడి నరాన్ని నొక్కుతుండవచ్చు. మణికట్టు తిమ్మిరి అనగానే కీబోర్డును తిట్టేయకండి. థైరాయిడ్ తక్కువగా పనిచేయడం, మధుమేహం, గర్భం కూడా దీన్ని తెస్తాయి. కీబోర్డు మీద ఆధారాలు అంత గట్టివి కావు.

తిమ్మిరికి మొదటి వైద్యం రాత్రి కట్టు. మణికట్టును తిన్నగా ఉంచే పట్టీని ఆరు వారాలు పడుకునేటప్పుడే వేసుకోవాలి. పగలు దాన్ని వేసుకుని టైపు చేస్తే కండరాలు పట్టీతోనే పోట్లాడతాయి. నరాన్ని రబ్బరులా సాగదీసే వ్యాయామాలు తిమ్మిరిని పెంచవచ్చు.

మోచేతి నొప్పికి దారి వేరు. ముంజేతిని బల్ల మీద, అరచెయ్యి కిందికి, మణికట్టు అంచు దాటేలా పెట్టి అర లీటరు నీళ్ల సీసా పట్టుకోండి. రెండో చేత్తో దాన్ని పైకి లేపి, నొప్పి చేత్తో మాత్రమే నాలుగు సెకన్లలో కిందికి దించండి. పదిహేనేసి సార్లు, మూడు విడతలు, రోజూ. నొప్పి పదికి మూడు దాకా పరవాలేదు, మర్నాడు పొద్దున పెరిగి ఉంటే బరువు సగం చేయండి. రెండు వారాల్లో తేడా కనపడక మానేస్తారు. ఆరు నుంచి పన్నెండు వారాలు పట్టే పని ఇది. పాతబడిన నొప్పిలో వాపు కణాలు కనిపించేది అరుదు, టెండన్‌ను అల్లే కొల్లాజెన్ అనే ప్రొటీన్ పోగులు చెదిరిపోయి కనిపిస్తాయి. వాటిని మళ్లీ వరసలో పెట్టించేది బరువే. స్టెరాయిడ్ ఇంజెక్షన్ కొన్ని వారాలు అద్భుతంగా పనిచేస్తుంది. ఏడాది తర్వాత చూస్తే మాత్రం వేయించుకున్నవాళ్ల పరిస్థితే తీసికట్టుగా తేలింది.

మెటికలు విరిస్తే కీళ్లు అరుగుతాయన్నది వట్టిమాట. డొనాల్డ్ అంగర్ అనే వైద్యుడు అరవై ఏళ్లకు పైగా ఒక్క చేతి మెటికలే విరిచి, రెండు చేతుల్లో తేడా లేదని తేల్చి, 2009లో ఇగ్ నోబెల్ (ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే బహుమతి) కొట్టేశాడు. నొప్పి తగ్గుతుందని వేసుకునే రాగి కంకణం అందంగానే ఉంటుంది, మౌసు పట్టే చేతికి మాత్రం వద్దు, ఆ మణికట్టు కింద బల్ల అంచు చాలు.

బొటనవేలి మొదట్లో ఉబ్బెత్తు కండ రెండో చేతి కన్నా పల్చబడినా, పట్టుకున్న వస్తువులు జారుతున్నా ఇంట్లో ప్రయోగాలు ఆపాలి. డాక్టరు మీడియన్ నరంలో కరెంటు ఎంత వేగంగా వెళ్తోందో పరీక్షిస్తారు. అవసరమైతే సొరంగం పైకప్పు పట్టీని కోసి దారి వెడల్పు చేస్తారు. రాత్రి తిమ్మిరి చాలామందికి కొద్ది రోజుల్లోనే పోతుంది. చేతి పట్టు తిరిగి రావడానికి నెలలు పడుతుంది.