గోలీ దెబ్బతింటే దిగేదెవరు? 1928 నాటి కథ

2020 ఫిబ్రవరి 22న టొరాంటో జట్టుతో అక్కడే జరిగిన ఐస్ హాకీ మ్యాచ్‌లో కరోలినా హరికేన్స్ జట్టు గోలీలు, అంటే గోల్‌కీపర్లు, ఇద్దరూ గాయపడ్డారు. వాళ్ల బదులు దిగిన డేవిడ్ ఏర్స్‌కి 42 ఏళ్లు. కిడ్నీ మార్పిడి చేయించుకున్న మనిషి, ఒకప్పుడు రింకులో, అంటే ఐసు మైదానంలో, ఐసు చదును చేసే బండి నడిపాడు. పది షాట్లలో ఎనిమిది ఆపాడు, కరోలినా 6-3తో గెలిచింది. తమాషా ఏమిటంటే, అతన్ని అందుబాటులో ఉంచింది ఓడిపోయిన టొరాంటోనే. అత్యవసర గోలీని ఆతిథ్య జట్టే సిద్ధంగా ఉంచాలన్నది అప్పటి నిబంధన మరి. ఆ నిబంధన లేని రోజుల్లో ఎలా ఉండేదో లెస్టర్ పాట్రిక్‌కి బాగా తెలుసు.

పాట్రిక్ 1883లో క్యూబెక్‌లో పుట్టాడు. డిఫెన్స్ ఆటగాడు. డిఫెండర్లు వెనకే ఉండి పక్‌ని (బంతి బదులు వాడే రబ్బరు బిళ్లని) దూరంగా కొట్టేసే కాలంలో తనే దాన్ని తీసుకుని ముందుకు దూసుకెళ్లేవాడు. మాంట్రియల్ వాండరర్స్‌తో 1906, 1907ల్లో ఈ ఆటలో అతిపెద్ద ట్రోఫీ అయిన స్టాన్లీ కప్ గెలిచాడు. 1909-10లో రెన్‌ఫ్రూ అనే చిన్న ఊరి జట్టు అతనికి ఒక్క సీజన్‌కి 3,000 డాలర్లు ఇచ్చింది.

1911లో తండ్రి కలప వ్యాపారం అమ్మిన డబ్బుతో లెస్టర్, తమ్ముడు ఫ్రాంక్ కెనడా పశ్చిమ తీరంలో ఏకంగా ఒక లీగే పెట్టేశారు. అక్కడి చలిని నమ్ముకుంటే ఐసు నిలవదు. అందుకే వాంకూవర్, విక్టోరియాల్లో కృత్రిమ ఐసు రింకులు కట్టారు. కెనడాలో అవే మొదటివి. ఐసుని మూడు భాగాలుగా విడదీసే నీలి గీతలు, పెనాల్టీ షాట్ ఆ లీగ్ తెచ్చినవే. గోలీ కిందపడి షాట్ ఆపొచ్చని ఒప్పుకున్నదీ అక్కడే. అంతకుముందు నిలబడే ఆపాలి, పడితే శిక్ష.

ఆ లీగ్ ఖర్చులు తట్టుకోలేక మూతపడ్డాక, 1926లో పాట్రిక్ న్యూయార్క్ రేంజర్స్‌కి కోచ్, మేనేజర్ అయ్యాడు.

1928 ఏప్రిల్ 7, స్టాన్లీ కప్ ఫైనల్ రెండో మ్యాచ్. సొంత స్టేడియం సర్కస్‌కి ఇచ్చేయడంతో రేంజర్స్ మ్యాచ్‌లన్నీ ప్రత్యర్థి మాంట్రియల్ మరూన్స్ ఊళ్లోనే ఆడాల్సి వచ్చింది. రెండో పీరియడ్‌లో నెల్స్ స్టీవర్ట్ కొట్టిన పక్ గోలీ లోర్న్ షాబో కంటికి తగిలింది. అప్పట్లో జట్టుకి ఒక్కడే గోలీ, రెండో జీతం ఎవరిస్తారు? ఒట్టావా గోలీ అలెక్ కానెల్ ప్రేక్షకుల్లోనే కూర్చుని ఉన్నాడు. అతన్ని వాడుకోనివ్వండని రేంజర్స్ అడిగితే మరూన్స్ కోచ్ ఎడీ జెరార్డ్ కుదరదన్నాడు. అలా కాదనే హక్కు ప్రత్యర్థికి ఉండేది.

ఇక 44 ఏళ్ల కోచే ప్యాడ్లు కట్టుకుని గోల్‌లో నిలబడ్డాడు. తన లీగ్ ఇచ్చిన వెసులుబాటు తనకే అక్కరకొచ్చింది. మోకాళ్ల మీద పడి మరీ ఆపాడు. పాట్రిక్ దాకా పక్ రాకుండా ఆటగాళ్లు ప్రాణం పెట్టి అడ్డుకున్నారు. బిల్ కుక్ గోల్ కొట్టాడు, ఆఖర్లో స్టీవర్ట్ సమం చేశాడు, అదనపు సమయంలో ఫ్రాంక్ బౌషే కొట్టిన గోల్‌తో రేంజర్స్ 2-1తో గెలిచింది. తర్వాతి మ్యాచ్‌లకి మరో జట్టు గోలీ జో మిల్లర్‌ని అనుమతించారు. మ్యాచ్‌ల లెక్కలో 3-2తో కప్పు రేంజర్స్‌కే దక్కింది.

పేపర్లు ఆకాశానికెత్తాయి గానీ నిబంధన మాత్రం అంత త్వరగా కదల్లేదు. అత్యవసర గోలీని రెండు జట్లలో ఎవరికైనా సిద్ధంగా ఉంచాలన్న నియమం 1950-51లో వచ్చింది. పాట్రిక్ రేంజర్స్ మేనేజర్‌గా తప్పుకుని అప్పటికే నాలుగేళ్లు. ప్రతి జట్టూ ఇద్దరు గోలీలతో రావడం తప్పనిసరి అయ్యేసరికి 1960ల మధ్యకొచ్చింది.