గిటార్ మెడ కిందికి వాలిపోతుంటే

చిరంజీవులకు ఆశీస్సులు.

నిలబడి వాయిస్తుంటే గిటార్ తల నేలవైపు వాలిపోతోందని, ఎడమ చేత్తో దాన్ని మోయడంతోనే సరిపోతోందని, ఇక కార్డ్స్ (కలిపి మోగించే స్వరాల గుంపులు) మార్చేదెప్పుడని రాశారు. దీన్ని వాయించేవాళ్లు నెక్ డైవ్ అంటారు. గిటార్ చెడిపోయిందని టెన్షన్ పడకండి, మీ చేతుల్లో సత్తువ లేదనీ అనుకోకండి. మెడ లోపలుండే ట్రస్ రాడ్ అనే లోహపు కడ్డీని తిప్పితే బాగవుతుందని ఎవరైనా చెబితే మాత్రం వినకండి. అది మెడ వంపు సరిచేయడానికి ఉన్నది, బరువుతో దానికి పనిలేదు.

ముందు ఒక చిన్న పరీక్ష చేయండి. స్ట్రాప్ వేసుకుని మామూలుగా నిలబడండి. కుడిచెయ్యి బాడీ మీద ఆనించకుండా, ఎడమ అరచేతిని గిటార్ మెడకు కాస్త దిగువగా పెట్టుకుని వదలండి. తల కొంచెం వాలి ఆగిపోతే పట్టించుకోనక్కర్లేదు. ఆగకుండా పోతుంటే ఈసారి భుజం మీద ఉన్న స్ట్రాప్‌ను ఇంకొకరిని గట్టిగా నొక్కి పట్టుకోమనండి. ఇప్పుడు గిటార్ దాదాపు కదలదు. ఎందుకంటే మెడ కిందికి దిగాలంటే స్ట్రాప్ మీ భుజం మీంచి జారి తీరాలి. నున్నటి నైలాన్ స్ట్రాప్ ఇట్టే జారిపోతుంది. లోపలివైపు గరుకుగా, వెడల్పుగా ఉండే తోలు స్ట్రాప్ చొక్కాను పట్టుకుని ఆగుతుంది. వాలడం కొద్దిపాటిదే అయితే స్ట్రాప్ మార్చడంతోనే సమస్య తీరిపోవచ్చు. మరీ ఎక్కువైతే మాత్రం స్ట్రాప్‌తో పాటు చొక్కా కాలర్ కూడా లాక్కుపోతుంది, మెడనొప్పి మిగులుతుంది.

ఇంతకీ ఎందుకు వాలుతుందంటారా? కావడి మోసేటప్పుడు ఒకవైపు బరువు ఎక్కువైతే కర్రను భుజం మీద కాస్త జరుపుకుంటాం, బరువులో ఏమీ తీసెయ్యం. గిటార్‌కూ అదే లెక్క. మొత్తం బరువు ఎంతన్నది కాదు, అది తూగే చోటు మీ భుజానికి ఎటువైపు ఉందన్నది ముఖ్యం. ఆ చోటు భుజం కిందికి వచ్చేదాకా గిటార్ తిరుగుతూనే ఉంటుంది. 1954లో వచ్చిన ఫెండర్ స్ట్రాటోకాస్టర్‌ను చూడండి. బాడీ పైకొమ్ము పొడుగ్గా సాగి 12వ ఫ్రెట్ (మెడ మీది అడ్డ లోహపు పట్టీ) దాకా వస్తుంది. స్ట్రాప్ తగిలించే బటన్ ఆ కొమ్ము చివర ఉంటుంది కాబట్టి గిటార్ బుద్ధిగా నిలుస్తుంది. కొమ్మును అందం కోసమే పెట్టారనుకుంటారు చాలామంది. 1961లో వచ్చిన గిబ్సన్ ఎస్‌జీది వేరే కథ. బాడీ పల్చన, కొమ్ములు పొట్టి, మెడ బాగా బయటికి ఉంటుంది, బటనేమో మెడ బాడీతో కలిసేచోట వెనకవైపు. అందుకే వాలిపోయే గిటార్ల మాట వస్తే మొదట దాని పేరే వినిపిస్తుంది. అయినా దాన్ని వదలనివాళ్లు ఎంతమందో!

చాలామంది చేసే మొదటి పని తోకవైపు, అంటే బాడీ కింది చివర, బరువు కట్టడం. నా మటుకు నాకు అది ఆఖరున చేయాల్సిన పని. లెక్క చూడండి. తూగే చోటు నుంచి తల మీద తీగలు బిగించే ట్యూనర్లు 50 సెంటీమీటర్లు, తోక చివర 33 సెంటీమీటర్లు ఉన్నాయనుకుందాం. తలవైపు 100 గ్రాములు తగ్గిస్తే వచ్చే ఫలితమే తోకవైపు రావాలంటే 150 గ్రాములు చేర్చాలి. మొదటి దారిలో భుజానికి బరువు తగ్గుతుంది, రెండో దారిలో పెరుగుతుంది. అందుకే బరువైన ట్యూనర్లుంటే తేలికవి వేయించుకోవడం మేలు. కొనేముందు తలలో బెజ్జాల వెడల్పు కొలుచుకోండి, పాత నమూనాలవీ కొత్తవీ ఒకే సైజులో ఉండవు. గిటార్లు రూపొందించే నెడ్ స్టెయిన్‌బర్గర్ అయితే గిటార్లకు తలే తీసేసి, ట్యూనర్లను బాడీ మీద తీగలు ఆనే బ్రిడ్జ్ వైపు పెట్టేశాడు!

అయినా బరువే కట్టి చూడాలనిపిస్తే చిన్న సంచిలో నాణేలు వేసి తోకవైపు బటన్‌కు వేలాడదీసి వాయించండి. ఎంత కావాలో తెలుస్తుంది, ఆ బరువు మోయడం మీకు ఇష్టమో కాదో కూడా తెలుస్తుంది. సీసం ముక్కలు మాత్రం వద్దు, అది విషం. వైర్లుండే గూట్లో ఇనప ముక్కలు పడేస్తే షార్ట్ అవుతుంది.

ఇక బటన్ మార్చడం. పైకొమ్ము వైపు, తలకు దగ్గరగా ఎంత జరిపితే అంత మంచిది. పెద్దవాళ్లను పక్కన పెట్టుకుని చేయండి. మొదట స్క్రూ పొడవునూ అక్కడి చెక్క మందాన్నీ పక్కపక్కన పెట్టి చూడండి, ఎస్‌జీ కొమ్ము అంచులు చెక్కి ఉంటాయి కాబట్టి స్క్రూ అటువైపు పొడుచుకొచ్చే ప్రమాదం ఉంది. రంగు పెచ్చులూడకుండా మాస్కింగ్ టేప్ అంటించి, దాని మీదే గుర్తు పెట్టండి. డ్రిల్లు బిట్ స్క్రూ మరలంత లావు ఉండకూడదు, మరల మధ్య కాడ ఎంత లావుందో అంతే ఉండాలి. ఎంత లోతు కావాలో అక్కడ బిట్‌కూ ఓ టేప్ చుట్ట చుడితే దాటిపోరు. స్క్రూకు కాస్త పొడి సబ్బు రాసి చేత్తో బిగించండి. బిగుతుగా అనిపిస్తే బలవంతం చేయకుండా వెనక్కి తిప్పి మళ్లీ తిప్పండి, లేకపోతే స్క్రూ తల తెగి కాడ లోపలే ఉండిపోతుంది. బటన్ కింద ఫెల్ట్ వాషర్ మరిచిపోవద్దు.

పాత బెజ్జాన్ని వెంటనే పూడ్చకండి. కొత్తచోట కొన్నాళ్లు వాయించి చూడండి. బటన్ జరిపితే గిటార్ వేలాడే తీరు మారుతుంది, బాడీ ముందుకు ఒరిగినట్టు అనిపించవచ్చు. అది పడకపోతే పాతచోటే మళ్లీ బిగించుకోవచ్చు. కుదిరిందనిపించాక టూత్‌పిక్‌లకు చెక్క జిగురు రాసి పాత బెజ్జంలో దూర్చి, ఆరాక పైభాగం కోసేయండి.

మీ పెదనాన్న