సర్పంచి పాఠం బిట్టు ప్రశ్నగా ఎలా మారింది?

"సర్పంచిని ఎవరు ఎన్నుకుంటారు?" అని ఐదో తరగతిలో అడిగితే "ప్రజలు" అని టక్కున చెబుతారు. "మరి మండలాధ్యక్షుణ్ణి?" అన్నా అదే జవాబు వస్తుంది. అది తప్పు. ఓటర్లు ఎన్నుకునేది ఎంపీటీసీలను, అంటే మండల పరిషత్ సభ్యులను; ఆ ఎంపీటీసీలు చేతులెత్తి అధ్యక్షుణ్ణి ఎన్నుకుంటారు. ఈ తేడా పిల్లలకు అందకపోవడంలో వాళ్ల తప్పేమీ లేదు. పౌరశాస్త్రం మన బడుల్లోకి వచ్చిన దారే అలాంటిది.

సివిక్స్ అనే సబ్జెక్టు తెల్లవాళ్ల కాలం నాటిది. రాజ్యం మీద జనంలో విధేయత సన్నగిల్లుతున్న రోజుల్లో దాన్ని బడికి తెచ్చారని 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళిక చట్రమే ఒప్పుకుంది. మంచి పౌరుడంటే చెప్పినమాట వినేవాడు, శుభ్రంగా ఉండేవాడు. స్వాతంత్ర్యం వచ్చాక రాజ్యాంగం పాఠమైంది కానీ బోధన ధోరణి మారలేదు. విధేయత పోయి ఆ చోట అంకెలూ పేర్లూ కూర్చున్నాయి.

ఆ అంకెలేమో నిలకడగా ఉండవు. ప్రాథమిక హక్కులు ఏడని నేర్చుకున్న తరం ఒకటుంది. 1978లో 44వ సవరణ ఆస్తి హక్కును ఆ జాబితా నుంచి తీసేయడంతో ఆరయ్యాయి. 1976లో పది ప్రాథమిక విధులు చేరాయి, 2002లో పదకొండోది వచ్చింది. ఓటు వయసు 1989లో 21 నుంచి 18కి దిగింది. తెలుగునాట అయితే మరీను. 1984లో గ్రామాధికారులైన మునసబు, కరణం పోయారు. ఆ వెనకే పంచాయతీ సమితులు పోయి మండలాలొచ్చాయి. శాసనమండలి 1985లో రద్దయి 2007లో తిరిగొచ్చింది. ఇరవై మూడు జిల్లాలు వల్లించినవాళ్ల పిల్లలు తెలంగాణలో 33 నేర్చుకున్నారు. ఆంధ్రలో 2022లో ఆ లెక్క 26కు చేరింది. బట్టీ పట్టిన బిట్లలో సగం, పిల్లవాడికి ఓటు వచ్చేలోపే పాతబడతాయి.

రోజూ ప్రార్థనలో చెప్పే ప్రతిజ్ఞదీ ఇదే కథ. దాన్ని రాసింది నల్గొండ జిల్లా అన్నెపర్తిలో పుట్టిన పైడిమర్రి వెంకట సుబ్బారావు. విశాఖపట్నంలో ఖజానా అధికారిగా ఉండగా 1962లో రాశారు. 1965 జనవరి 26 నుంచి అది దేశమంతటికీ చేరింది. పాఠ్యపుస్తకాల మొదటి పేజీలో ప్రతిజ్ఞ ఉండేది, ఆయన పేరు మాత్రం దశాబ్దాల పాటు లేదు. అందులోని ఒక్క మాట దగ్గరైనా ఆగి "అంటే ఏంటి?" అని పిల్లల్ని అడిగే బడులు తక్కువే.

1975 నాటి పాఠ్యప్రణాళిక చట్రం చిన్న తరగతులకు పరిసరాల విజ్ఞానాన్ని తెచ్చింది. మధ్యప్రదేశ్‌లో ఏకలవ్య సంస్థ 1980ల్లో సాంఘికశాస్త్రాన్ని సంఘటనల ద్వారా చెప్పే పద్ధతిని ప్రయత్నించింది. 2005 తర్వాత జాతీయ స్థాయిలో పాఠ్యపుస్తకాలు తయారుచేసే ఎన్‌సీఈఆర్‌టీ ఆరు నుంచి ఎనిమిది తరగతుల పుస్తకాలకు సివిక్స్ పేరే తీసేసింది. ఉమ్మడి రాష్ట్రమూ 2012 ప్రాంతంలో పుస్తకాలు మార్చింది. పుస్తకం మారినా పరీక్షలో ఖాళీలు పూరించడం ఆగలేదు.

ఇక చాలా బడులు చేసేది తరగతి ఎన్నిక. సరిగా చేస్తే రెండు పీరియడ్లలో అయిపోతుంది. హాజరుపట్టీ నకలు ఓటరు జాబితా అవుతుంది. ముగ్గురు నలుగురు నామినేషన్ వేస్తారు, ఒక్కొక్కరినీ ఇద్దరు ప్రతిపాదిస్తారు. చదవడం రాని మూడో తరగతికి గొడుగు, మామిడికాయ లాంటి బొమ్మల గుర్తులివ్వాలి. అట్టపెట్టెను నిలబెడితే చాటు, మూతకు చీలిక పెట్టిన స్వీటు డబ్బా బ్యాలెట్ పెట్టె. ఓటేసినవాళ్ల ఎడమ చూపుడువేలికి మార్కర్ చుక్క పెడతారు. లెక్కింపులో పదేసి చీటీలు కట్టలు కడతారు. ప్రతిసారీ రెండు మూడు చీటీల మీద పిల్లలు తమ పేరు రాసేస్తారు, బాగా రాశామనుకుని. వాటిని చెల్లని ఓట్లుగా పక్కన పెట్టి, రహస్యం ఎందుకో అక్కడే చెప్పాలి. ముందే హెచ్చరించేస్తే ఆ ప్రశ్న పుట్టదు.

చెడగొట్టేది ఇంకొకటి. "బాగా చదివేవాళ్లకే వెయ్యండి" అన్న టీచర్ మాటతో ఎన్నిక అక్కడే ముగిసిపోతుంది. తర్వాత గెలిచినవాళ్లకు ప్రధాని, ఆరోగ్య మంత్రి అని బిరుదులిస్తారు. ఆరోగ్య మంత్రి పని చీపురు పట్టుకోవడం, అదీ ఎక్కువగా ఆడపిల్లకే పడుతుంది. పైగా ప్రధానిని జనమే నేరుగా ఎన్నుకుంటారన్న అపోహ ఇక్కడే నాటుకుంటుంది. బిరుదులు మాని నిజమైన అధికారం రెండు మూడు విషయాల్లో ఇవ్వాలి. బంతి ఏ రోజు ఎవరికి, మొక్కలకు నీళ్ల వంతు ఎవరిది, శనివారం ఏ కథ చదవాలి. నిర్ణయాలు ఒక నోటుబుక్కులో రాసి, తరగతి ముందు చదివి వినిపించాలి. గ్రామసభ పాఠానికి అంతకంటే మంచి పరికరం లేదు.

దీనికి దగ్గర్లోనే అసలు నమూనా కూడా ఉంది. 2009 విద్యాహక్కు చట్టం కింద ఏర్పడే పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం మంది మహిళలు కావాలి. ఆ ఎన్నిక రోజున పిల్లల్ని బయటికి పంపేస్తారు. ఓ మూల కూర్చోబెట్టి చూడనిస్తే సరిపోయేది.

మండలాధ్యక్షుడి చిక్కుకు ముప్పై మంది తరగతిలో ఒక ఆట సరిపోతుంది. ఐదుగురేసి చొప్పున ఆరు గుంపులు చేసి, ఒక్కో గుంపు ఒక సభ్యుణ్ణి ఎన్నుకోవాలి. ఆ ఆరుగురూ అందరి ముందు చేతులెత్తి తమలో ఒకరిని అధ్యక్షుణ్ణి చేస్తారు. మూడూ మూడూ అయితే నిజం ఎన్నికల్లోలాగే చీటీ తీస్తారు. మర్నాడు అదే పదవికి, ఆ ఆరుగురి మధ్యే, ముప్పై మందీ నేరుగా ఓటేయాలి. ఒక్కోసారి గెలిచే పిల్ల వేరవుతుంది. "మేమంతా వేస్తే ఒకరు, వాళ్లు వేస్తే ఇంకొకరు ఎందుకొచ్చారు సార్?" అన్న ప్రశ్న అప్పుడు వెనక బెంచీ నుంచే వస్తుంది.